పదిహేడో నంబరు

కంట్రోల్ మీద చిటికెనవేలు
ఆర్నెల్లుగా అలిగి కూర్చుంది.
ఆటలో మనిషి నడుం వంచాలంటే
ముందు దాని నడుం వంగాలి మరి.
పైన చేతులకి తీరిక లేదు,
బల్ల కింద కాళ్లు రెండూ
ఒకదాన్నొకటి గోక్కుంటున్నాయి.

అందుకని కాశీబుగ్గ కొరియర్ ఆఫీసులో
అట్టపెట్టె విప్పకుండానే ఊపి చూశాను.
మూడు పెడళ్లు, ఒక తీగ,
చీమలు పాకినట్టు అచ్చేసిన కాగితం.
పద్దెనిమిది వందలు.
ఇంట్లో ఆరొందలని చెప్పాను.

సాఫ్ట్‌వేర్ తెరిస్తే మూడు గళ్లు.
నన్ను తొక్కితే ఏం జరగాలి?
అని ప్రతి గడీ అడిగింది.
ఇంత మర్యాదగా నన్నెవరూ
ఏదీ అడగలేదు ఇప్పటిదాకా.
ఎడమది వంగడానికి,
నడిమిది మైకుకి, తొక్కి ఉంచినంతసేపే మాట,
కుడిది తూటాలు నింపడానికి.
సేవ్ కొట్టాను.

కాలు ఊరికే ఆనించినా పెడల్ ఊఁ అంటుందని
మొదటి రాత్రే తెలిసింది.
గోడ చాటున నా సైనికుడు
వంగుతూ లేస్తూ గుంజీలు తీశాడు.
"ఏట్రా, మొక్కులు తీర్చుకుంతన్నావేటి?"
బొబ్బిలి నుంచి తవిటినాయుడు.
ఒక్క తొక్కుకి రెండు నొక్కులు పడుతుంటే
మధ్యన ఇరవై మిల్లీసెకన్ల ఆగుడు పెట్టాను,
తర్వాత నలభై.
పెడల్ మాత్రం గచ్చు మీద జారిజారి
గోడదాకా పోయి ఆగింది.
జీడిపిక్కల గోనె పరిచాను దాని కింద.

అమ్మ డ్యూటీ దిగొచ్చింది.
బూడిద ఎంత రుద్దినా జీడిసొన నలుపు వదలని వేళ్లతో
చెంబెడు నీళ్లు తాగి
తెర చూడలేదు, నా మొహమూ చూడలేదు,
నా పాదం చూసింది.

"తొక్కడం అందరికీ వస్తాది.
ఎంత తొక్కాలో తెలవాల.
పిసరెక్కువైతే గుండు కాస్తా బద్దయిపోద్ది.
బద్దకి రేటు లేదు."

ఇరవై రెండేళ్లు
కత్తెర మిషను తొక్కిన కుడికాలు ఆవిడది.
పెచ్చు పగలాలి,
పగిలిన సంగతి లోపలి పప్పుకి తెలియకూడదు.

సైకిల్ ట్యూబు ముక్క మడతపెట్టి
పెడల్ కింద దోపింది.
నా మడమ కింద చెక్కపీట తోసింది.
"బరువు మడమ మోయాల,
వేళ్లు ఉత్తినే అడగాల."

అడిగాను.
వంగాడు.
వేళ్లు తీశాను, లేచాడు.
చిటికెనవేలు అలక మానలేదు గానీ
ముఖం ఇటు తిప్పింది.

ఈ అమరికకి పేరు పెట్టమంటోందమ్మా,
దాలమ్మ అని కొట్టనా?
"నా పేరెందుకురా గుంటడా,
మిషను నంబరెట్టు.
పదిహేడు."

శనివారం రాత్రి.
మా ఇంటికి గది ఒకటే,
ఫ్యాను గాలి తగిలే చోటూ ఒకటే.
బల్ల పక్కన చాపేసుకున్న అమ్మ
నిద్రలో కాలు చాపింది.
చాపిన కాలు ఖాళీగా ఉండడం ఎరగదు కదా,
నడిమి పెడల్ దొరికింది దానికి.

తెర మూలన మైకు గుర్తు పచ్చగా వెలిగింది.

"పన్నెండు కేజీలిచ్చినాను.
పదకొండని రాసినావు.
మళ్లీ తుయ్యి."

నలుగురం
ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం.
చెవుల్లో ఒక ఊపిరి,
ఎంత తొక్కాలో అంతే తొక్కి ఉంచిన పాదం.
నా కాలితో మెల్లగా నెట్టేయొచ్చు,
నెట్టలేదు.

కాసేపటికి తవిటినాయుడు గొంతు తగ్గించి
"పన్నెండే అంతన్నాది. తుయ్యండ్రా" అన్నాడు.

మా మాటలు అవతలి జట్టుకి వినబడవు.
వాళ్లు కాల్చారు.